ట్రమడాల్ రాసిచ్చారా? మొదటి మాత్ర మింగే ముందు ఇది చదవండి

అమ్మకి మోకాలి ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మూడో రోజు రాత్రి చేతులు వణకడం మొదలైంది. ఒళ్లంతా చెమట, గుండె దడ, మంచం మీద ఒక్క నిమిషం కుదురుగా ఉండలేదు, ఏదో తెలియని కంగారు. నొప్పి ఎక్కువైందేమో అనుకుని వేళ కాకుండానే ఇంకో ట్రమడాల్ మాత్ర వేయబోయాం. చేతిలో మాత్ర పెట్టుకునే డాక్టరుకి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "ఆవిడ వేరే మందులేమైనా వాడుతున్నారా?"

వాడుతోంది. డిప్రెషన్‌కి సెర్‌ట్రలిన్, నాలుగేళ్లుగా, రోజూ పొద్దున్నే. ఆపరేషన్‌కి ముందు బీపీ మందు గురించి చెప్పాం, షుగర్ మందు గురించి చెప్పాం, ఇది మాత్రం చెప్పలేదు. మోకాలికీ దీనికీ ఏం సంబంధంలే అనుకున్నాం. ఆ రెండో మాత్ర వేయొద్దని, వెంటనే ఆసుపత్రికి తీసుకురమ్మని అన్నారాయన. ట్రమడాల్ ఆపేశాక ఒకటిన్నర రోజుకి అమ్మ కుదుటపడింది. ఆ రోజు నుంచి ఈ మందు పేరు ఏ ఇంట్లో విన్నా నేను ఊరుకోలేను, అడగకపోయినా చెప్తాను. తెలిసినవాళ్లకి విడివిడిగా చెప్పినవన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. నేను డాక్టరుని కాదు, కాబట్టి మీ మోతాదు మీ డాక్టరు చెప్పిందే. కానీ ఆయన్ని ఏం అడగాలో, ఏం దాచకూడదో, ఇంట్లో ఏం గమనించాలో అది మన పని.

ఇది "తేలికపాటి" మందు కాదు, రెండు పనులు చేసే మందు

ట్రమడాల్‌ని చాలామంది "మార్ఫిన్ లాంటిదేం కాదులెండి, మైల్డ్" అని చెప్పి చేతిలో పెడతారు. మిల్లీగ్రాముకి మిల్లీగ్రాము లెక్కేస్తే మార్ఫిన్ కంటే బలం తక్కువన్నది నిజమే. కానీ ఆ ఒక్క మాట వల్లే ఇంట్లో అందరూ దీన్ని పారాసిటమాల్ పక్కన పెట్టేసి, నొప్పి అన్నప్పుడల్లా ఒకటి అందిస్తుంటారు. ఇది ఓపియాయిడ్, అంటే మార్ఫిన్ కోవకి చెందిన మందు. 1962లో జర్మనీలోని గ్రూనెంథాల్ కంపెనీ తయారు చేసింది, 1977లో అక్కడి మార్కెట్‌లోకి వచ్చింది, ఆ తర్వాత చాలా దేశాలు దీన్ని నియంత్రిత మందుల జాబితాలో చేర్చాయి, అదేమీ ఊరికే చేర్చలేదు.

ఇది ఒకేసారి రెండు దారుల్లో పనిచేస్తుంది. ఒకటి, మార్ఫిన్ పనిచేసే చోటే, అంటే మెదడులో, వెన్నుపాములో ఉన్న ఓపియాయిడ్ గ్రాహకాల మీద పనిచేసి నొప్పి కబురుని తగ్గిస్తుంది. రెండు, సెరటోనిన్, నోరెపినెఫ్రిన్ అనే రసాయనాలు నరాల మధ్య ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది, ఇది కొన్ని డిప్రెషన్ మందులు చేసే పని. కాబట్టి ప్రమాదాలు కూడా రెండు రకాలు, వాటి గుర్తులు కూడా దాదాపు ఒకదానికొకటి వ్యతిరేకం. మొదటి దారిలో ఎక్కువైతే మనిషి మత్తుగా, ఊపిరి నెమ్మదించి పడిపోతాడు. రెండో దారిలో ఎక్కువైతే మా అమ్మలా వణుకు, చెమట, దడ, కంగారు. మేము మత్తు కోసమే చూస్తూ కూర్చున్నాం కాబట్టి రెండోదాన్ని నొప్పి అనుకున్నాం.

ఇంకో సంగతి కూడా ఉంది. మింగిన ట్రమడాల్‌ని కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైము ఇంకో పదార్థంగా మారుస్తుంది, ఓపియాయిడ్ బలం ఎక్కువగా వచ్చేది దాని నుంచే. ఈ ఎంజైము అందరిలో ఒకేలా ఉండదు, పుట్టుకతో వచ్చే తేడా అది. కొందరిలో చాలా మందకొడిగా ఉంటుంది, వాళ్లకి మాత్ర వేసినా నొప్పి సరిగ్గా తగ్గదు. కొందరిలో మరీ చురుగ్గా ఉంటుంది, వాళ్లకి మామూలు మోతాదే చాలా ఎక్కువైపోతుంది. అందుకే "మా బావగారికి ఒక్క మాత్రతో తగ్గిపోయింది" అన్నది మీ విషయంలో దేనికీ పనికిరాదు. మాత్ర పనిచేయడం లేదని రోగి చెప్తే నాటకమాడుతున్నారని అనకండి. అలాగని ఇంకోటి వేసేయకండి. డాక్టరుకి చెప్పండి, మందు మార్చాల్సిన సందర్భం కావచ్చు.

ఏ నొప్పికి

ఆపరేషన్ తర్వాత, ఎముక విరిగినప్పుడు, గట్టి దెబ్బ తగిలినప్పుడు, పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి చాలనప్పుడు లేదా కిడ్నీ, కడుపు పుండు లాంటి కారణాలతో ఐబుప్రొఫెన్ వేయకూడనప్పుడు దీన్ని రాస్తారు. క్యాన్సర్ నొప్పికీ వాడతారు. మామూలు తలనొప్పికి, ఒళ్లు నొప్పులకి, ఎప్పటి నుంచో ఉన్న నడుం నొప్పికి మనంతట మనం వేసుకునేది కాదు. నెలల తరబడి ఉండే నొప్పుల్లో దీనివల్ల కలిగే మేలు అంత గొప్పగా ఉండదు, అలవాటు పడే ప్రమాదం మాత్రం రోజురోజుకీ పెరుగుతుంది. కాబట్టి మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న: "ఇది ఎన్ని రోజులు వాడాలి, ఎలా ఆపాలి?" చాలా ఆపరేషన్లకి, దెబ్బలకి కొద్ది రోజులు చాలు.

ఇంకో ప్రశ్న కూడా అడగండి: పారాసిటమాల్‌ని వేళ ప్రకారం వేస్తూ, అప్పటికీ తట్టుకోలేని నొప్పికి మాత్రమే ట్రమడాల్ వేయొచ్చా? చాలామందికి అలా చేస్తే ట్రమడాల్ అవసరం బాగా తగ్గిపోతుంది.

ముందే చెప్పాల్సినవి (అడగకపోయినా చెప్పండి)

ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. నోటితో చెప్తే తప్పకుండా ఏదో ఒకటి మరిచిపోతాం, లేదా మాలాగా "దీనితో సంబంధం లేదు" అని మనమే తీర్మానించేస్తాం. దగ్గు మందు సీసాతో సహా తీసుకెళ్లమని ఎందుకు అంటున్నానంటే, చాలా దగ్గు సిరప్‌లలో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కూడా సెరటోనిన్‌ని పెంచే రకమే.

డిప్రెషన్, యాంగ్జైటీ మందులు అన్నిటికంటే ముఖ్యం. సెర్‌ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, ఫ్లూక్సెటిన్, పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్, డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి. వీటిలో ఫ్లూక్సెటిన్, పారోక్సెటిన్, ఇంకా బుప్రోపియాన్ అయితే పైన చెప్పిన ఆ ఎంజైముకే అడ్డుపడతాయి. అప్పుడు నొప్పి సరిగ్గా తగ్గదు, మారని ట్రమడాల్ మాత్రం రక్తంలో పేరుకుని ఫిట్స్, సెరటోనిన్ ఎక్కువై వచ్చే సమస్య (మా అమ్మకి వచ్చిన వణుకు, దడ లాంటివి) వచ్చే అవకాశం పెరుగుతుంది. నొప్పి తగ్గలేదని ఇంకో మాత్ర వేస్తే ఏమవుతుందో ఊహించండి. అలాగని ఈ మందులు వాడేవాళ్లందరికీ ట్రమడాల్ అసలే ఇవ్వరని కాదు, తెలిసే ఇచ్చి జాగ్రత్తగా చూసుకునే సందర్భాలు ఉన్నాయి. అవతలివాళ్లకి తెలియాలన్నదే నా మాట. ఇంకొకటి, ట్రమడాల్ వేసుకోవాలని డిప్రెషన్ మందు మీరే హఠాత్తుగా ఆపేయకండి, అది వేరే కష్టం తెస్తుంది.

ఎంఏఓ ఇన్‌హిబిటర్లు అనే పాత రకం డిప్రెషన్ మందులు, పార్కిన్సన్స్‌కి వాడే సెలెజిలిన్, రసాజిలిన్ వాడుతుంటే, లేదా ఆపి 14 రోజులు దాటకపోతే ట్రమడాల్ వాడకూడదు. లినెజోలిడ్ అనే యాంటీబయోటిక్ కూడా ఈ కోవలోకే వస్తుంది, ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చే మందుతో ఇలాంటి గొడవ ఉంటుందని ఎవరూ అనుకోరు. మైగ్రేన్‌కి వేసుకునే సుమాట్రిప్టాన్ లాంటివి కూడా చెప్పాలి.

నిద్రమాత్రలు, ఆల్‌ప్రజోలామ్, క్లోనజెపామ్, డయజెపామ్, నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబలిన్, మద్యం. ఇవి ట్రమడాల్‌తో కలిస్తే ఊపిరి నెమ్మదిస్తుంది. మద్యం విషయంలో "కొంచెం పర్లేదు" అన్నదే లేదు, ట్రమడాల్ వాడే రోజుల్లో దాన్ని ముట్టుకోకూడదు. అలవాటు ఉన్న మనిషైతే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పేయాలి, ఇంట్లోవాళ్లు తెలిసి కూడా పరువు కోసం దాచిపెట్టకూడదు.

ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా, తలకి పెద్ద దెబ్బ తగిలిందా అన్నది చెప్పాలి, ఎందుకంటే ట్రమడాల్ మామూలు మోతాదులో కూడా కొందరికి ఫిట్స్ తెప్పించగలదు. ఫిట్స్‌కి కార్బమజెపిన్ వాడుతుంటే అది ట్రమడాల్‌ని సరిగ్గా పనిచేయనివ్వదు కూడా. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్లకి రక్తం మరీ పలచబడొచ్చు, పరీక్ష ముందుగా చేయించాల్సి రావచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో చక్కెర ఒక్కసారిగా పడిపోయిన సందర్భాలున్నాయి, నీరసం, చెమట వస్తే మందు మత్తులే అని వదిలేయకుండా ఒకసారి షుగర్ చూడండి. ఆస్తమా, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, కిడ్నీ, కాలేయ సమస్యలు కూడా చెప్పండి.

పిల్లల విషయం విడిగా చెప్తాను. 12 ఏళ్లలోపు పిల్లలకి, టాన్సిల్స్ లేదా అడినాయిడ్స్ ఆపరేషన్ అయిన 18 ఏళ్లలోపు వాళ్లకి ఇది ఇవ్వకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో గట్టిగా చెప్పింది, పాలిచ్చే తల్లులు కూడా వాడొద్దంది. ఎంజైము మరీ చురుగ్గా ఉన్న తల్లి పాలలో ఆ బలమైన పదార్థం బిడ్డకి చేరుతుంది. గర్భంతో ఉండి ఎక్కువ రోజులు వాడితే పుట్టిన బిడ్డకి విత్‌డ్రాయల్ (అలవాటైన మందు ఆగిపోవడంతో వచ్చే బాధలు) రావచ్చు. పెద్దవాళ్లకి రాసిన మాత్రని సగం విరిచి పిల్లలకి వేయడం లాంటిది ఎప్పుడూ చేయకండి.

వేసుకునే పద్ధతి

మామూలు మాత్ర 50 మిల్లీగ్రాములది. పెద్దవాళ్లకి సాధారణంగా 50 నుంచి 100 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి రాస్తారు, రోజు మొత్తంలో 400 మిల్లీగ్రాములు దాటకూడదు. 75 ఏళ్లు దాటినవాళ్లకి ఆ హద్దు 300. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి రెండు మాత్రల మధ్య 12 గంటలు, రోజుకి 200 లోపు. ఇవి మీరే లెక్కలేసుకోవడానికి కాదు, చీటీలో రాసింది వీటికి మించి కనిపిస్తే అడగడానికి.

మాత్ర పనిచేయడానికి దాదాపు గంట పడుతుంది, పూర్తి బలం రెండు గంటలకి వస్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి, చాలా పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. అరగంటకి "ఇంకా తగ్గలేదు" అని రెండోది వేస్తారు, తర్వాత రెండూ కలిసి ఒకేసారి తగులుతాయి.

రోజుకి ఒకటో రెండో వేసే ఎస్ఆర్, ఈఆర్ రకాలు వేరు. అవి మందుని గంటల తరబడి కొంచెం కొంచెంగా వదిలేలా తయారవుతాయి. విరగ్గొట్టడం, నలిపి నీళ్లలో కలపడం, నమలడం చేస్తే రోజంతటి మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది. మింగలేని పెద్దవాళ్లు ఉంటే ముందే చెప్పి వేరే రూపంలో రాయించుకోండి.

పారాసిటమాల్ కలిపి వచ్చే మాత్రల్లో సాధారణంగా ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. అది వేస్తూ, జ్వరానికి విడిగా పారాసిటమాల్, జలుబుకి ఇంకో మాత్ర వేస్తే, మూడింటిలోనూ పారాసిటమాల్ ఉండి లెక్క తప్పుతుంది. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకే రోజుకి 4 గ్రాములు హద్దు, దాటితే కాలేయానికి ముప్పు. షీటు వెనక రాసి ఉన్నది చదవండి.

మంచం పక్కన ఒక నోట్‌బుక్ పెట్టండి. వేసిన టైము, మోతాదు, ఎవరు వేశారు, అప్పటి నొప్పి పదికి ఎంత. ఇంట్లో ఇద్దరు ముగ్గురు మారి మారి చూసుకుంటున్నప్పుడు పగలు ఒకరు వేసింది రాత్రి ఇంకొకరికి తెలియదు, మత్తులో ఉన్న మనిషి "వేసుకున్నానా లేదా" గుర్తుపెట్టుకోలేరు. మాకు ఆ రాత్రి డాక్టరు అడిగిన రెండో ప్రశ్న చివరి మాత్ర ఎప్పుడు వేశారని, నేనూ అన్నయ్యా వేర్వేరు టైములు చెప్పాం. ఒక మాత్ర మరిచిపోతే తర్వాతది రెట్టింపు చేయకూడదు.

మందు మీకెలా పడుతుందో తెలిసేదాకా బండి, కారు నడపకండి. వయసైనవాళ్లు రాత్రి బాత్రూమ్‌కి లేచేటప్పుడు పక్కన ఒక మనిషి ఉండాలి. ముందు మంచం మీద కూర్చుని, కాసేపాగి, అప్పుడు నిలబడాలి. కొత్త మోకాలితో పడిపోతే ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

వికారం, మలబద్ధకం

వికారం, తల తిరగడం, నోరు ఎండిపోవడం, దురద, చెమటలు సాధారణమే, వికారం చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. తిన్న తర్వాత వేసుకుంటే కొందరికి హాయిగా ఉంటుంది. వాంతులు ఆగకపోతే ఇంట్లో ఉన్న వాంతి మాత్ర మీరే వేయకుండా అడగండి.

మలబద్ధకం అలా సర్దుకోదు. ఓపియాయిడ్ వాడినన్నాళ్లూ పేగులు నెమ్మదిగానే ఉంటాయి, అందుకే సమస్య వచ్చాక కాదు, మొదటి రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు అడగాలి. సెన్నా, లాక్టులోజ్, మాక్రోగోల్ లాంటివి ఇస్తారు. ఇసబ్‌గోల్ లాంటి పీచు పొడులు ఇక్కడ సరైనవి కావు, పేగులు కదలనప్పుడు, నీళ్లు సరిగ్గా తాగనప్పుడు అవి లోపలే గట్టిపడతాయి. మూడు రోజులైనా కాకపోతే, పొట్ట ఉబ్బి వాంతులవుతుంటే ఫోన్ చేయండి. మనవాళ్లు ఈ విషయం చెప్పడానికి మొహమాటపడి నొప్పి మందే మానేస్తారు, అమ్మ కూడా ముందు రెండు రోజులు అలాగే నోరు విప్పలేదు. మీరే అడగండి.

ఇవి కనిపిస్తే ఆగకండి

ఒకటి మత్తు వైపు. పిలిస్తే, భుజం కుదిపితే లేవకపోవడం, ఊపిరి చాలా నెమ్మదిగా లేదా ఆగి ఆగి రావడం, గొంతులో గురగుర, ఎప్పుడూ లేని గురక, పెదాలు, గోళ్లు నీలంగా మారడం, కంటిపాపలు గుండుసూది మొనంత చిన్నవవడం. "హాయిగా నిద్రపోతున్నారు, లేపకండి" అనుకుని వదిలేయడం ఇక్కడ ప్రాణం తీస్తుంది. వెంటనే అంబులెన్స్‌ని పిలవండి, ఊపిరి ఉంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఆగిపోతే ఫోన్లో వాళ్లు చెప్పినట్టు సీపీఆర్ (ఛాతీ మీద నొక్కడం) మొదలుపెట్టండి. వాంతి చేయించడం, నోట్లో నీళ్లో కాఫీయో పోయడం చేయొద్దు. ఓపియాయిడ్‌కి విరుగుడైన నాలోక్సోన్ దగ్గరుంటే ఇవ్వండి, కానీ అది ట్రమడాల్ చేసే రెండు పనుల్లో ఓపియాయిడ్ భాగాన్ని మాత్రమే తిప్పికొడుతుంది, దాని బలం 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుంది. కాబట్టి కళ్లు తెరిచినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

రెండోది కంగారు వైపు. వణుకు, కండరాలు అదరడం, చెమట, దడ, జ్వరం, విరేచనాలు, పొంతనలేని మాటలు, కంటిపాపలు పెద్దవవడం. తర్వాతి మాత్ర ఆపి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఫిట్స్ వచ్చినా అంతే. మొహం, గొంతు వాచినా, ఊపిరి ఆడకపోయినా అంతే.

ఆపడం

రెండు మూడు రోజులు వాడినవాళ్లు నొప్పి తగ్గగానే ఆపేయొచ్చు. వారాల తరబడి వాడితే మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. చెమటలు, ఆవలింతలు, ముక్కు కారడం, ఒళ్లు నొప్పులు, విరేచనాలు, నిద్రలేమి వస్తాయి. ట్రమడాల్ రెండో దారి కూడా తెగుతుంది కాబట్టి కొందరికి తీవ్రమైన కంగారు, చర్మం మీద జివ్వుమనడం, లేనివి కనిపించడం కూడా జరుగుతుంది. ఇది ఒళ్లు మందుకి అలవాటు పడటం, అంటే మనిషి చెడిపోయాడని కాదు, నెమ్మదిగా తగ్గించే షెడ్యూలు డాక్టరు ఇస్తారు. నొప్పి లేకపోయినా వేసుకోవాలనిపించడం, చెప్పకుండా ఎక్కువ వేసుకోవడం, షీటు దాచడం, ఇద్దరు డాక్టర్ల దగ్గర రాయించుకోవడం, ఇవి వేరే సంగతి. మీలో కనిపిస్తే మీరే చెప్పండి, ఇంట్లోవాళ్లలో కనిపిస్తే తిట్టకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. తిడితే మందు మానరు, మీకు కనపడకుండా వేసుకుంటారు.

మిగిలిన మాత్రలు

వాడుతున్నన్ని రోజులూ తాళం వేసిన చోట పెట్టి, వారానికోసారి లెక్కపెట్టండి. అయిపోయాక "ఎప్పుడైనా పనికొస్తాయి" అని దాచకండి, పక్కింటివాళ్ల నడుం నొప్పికి ఇవ్వకండి, వాళ్ల సంచిలో ఏ మందులున్నాయో మీకు తెలియదు. మందుల షాపులోగానీ ఆసుపత్రిలోగానీ వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉంటే అక్కడ ఇచ్చేయండి. లేకపోతే మాత్రలని షీటులోంచి తీసి, మట్టిలోనో వాడేసిన టీ పొడిలోనో కలిపి, కవర్లో గట్టిగా మూసి చెత్తలో వేయండి. అమ్మ షీటులో పదకొండు మాత్రలు మిగిలాయి, ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే అన్నయ్యా నేనూ కలిసి లెక్కపెట్టి తీసేశాం. ఆమె మందుల ఫైలు మొదటి పేజీలో ఇప్పుడు పెద్ద అక్షరాలతో రాసి ఉంది: "సెర్‌ట్రలిన్ వాడుతోంది. ట్రమడాల్ పడలేదు."